దారి ఇచ్చే చోటు

కారవాన్ అనే మాట మన చెవికి కొత్తది కాదు. పారశీక భాషలోని 'కార్వాన్' ఉర్దూలోకి, దక్కనీలోకి వచ్చి మన నోట నిలిచిపోయింది. హైదరాబాదులో కార్వాన్ అనే పేట నేటికీ ఉన్నది. గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు విడిది చేసిన చోటు గనుక ఆ పేరు వచ్చింది. 1671లో కట్టిన టోలీ మసీదు ఆ పేటలోనే ఉన్నది. అదే మాట పడమటికి పోయి, ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులో చేరి, ఇప్పుడు కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇంటికి పేరయింది. 'కార్వాన్' అంటే ఒంటెల బిడారు అని విద్యార్థులకు అర్థం చెబుతూ వచ్చిన మేము, ఏభై ఆరవ ఏట అటువంటి చక్రాల ఇంటిలో ఎనిమిది రోజులు గడుపుతామని ఎన్నడూ తలచలేదు.

మా చెల్లెలి కుమారుడు స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో వైద్యుడు. భార్య, ఇద్దరు పిల్లలతో అక్కడే కాపురముంటున్నాడు. గత జూన్‌లో మా మదరసాకు సెలవులు ఉన్న రోజులలో మమ్మల్నీ మా శ్రీమతినీ పిలిపించుకున్నాడు. "మామూ, ఊళ్లో మేడలు చూసి ఏం చేస్తారు? ఉత్తరాన కొండలూ సముద్రమూ కలిసే దారి ఒకటి ఉంది. కారవాన్ అద్దెకు తీసుకుందాం. ముమానీ వంట ముమానీదే, మన నమాజు మనదే. హోటళ్ల బెడద ఉండదు" అన్నాడు. హలాల్ భోజనం గురించి, వుజూ గురించి మాకున్న సంకోచాలన్నీ ఆ ఒక్క మాటతో తీరిపోయాయి.

ఆ దారి పేరు నార్త్ కోస్ట్ 500. స్కాట్లాండు ఉత్తర ప్రాంతంలోని పాత రోడ్లనే ఒక వలయంగా కలిపి, 2015లో యాత్రికుల కోసం ఈ పేరు పెట్టారు. ఇన్వర్నెస్ పట్టణంలోని కోట వద్ద మొదలై, తూర్పు తీరం వెంట పైకి పోయి, ఉత్తర తీరం మీదుగా పడమటి తీరానికి తిరిగి, మళ్లీ ఇన్వర్నెస్ చేరుతుంది. మొత్తం పొడవు 516 మైళ్లు, అనగా సుమారు 830 కిలోమీటర్లు.

మన దేశంలో ఎడ్లబండికి బరువు ఎక్కించడం తెలిసిన వారికి కారవాన్ సంగతి సులభంగా బోధపడుతుంది. కారు వెనుక ఒక ఉక్కు గుండు ఉంటుంది. కారవాన్ ముందుకు చాచిన కాడి చివర ఉన్న గిన్నె ఆ గుండు మీద బోర్లా కూర్చుని బిగుసుకుంటుంది. దానికి తోడు సన్నని ఉక్కు తీగ ఒకటి తగిలిస్తారు. పొరపాటున గిన్నె ఊడిపోతే ఆ తీగ కారవాన్ బ్రేకులను లాగి దానిని నిలబెడుతుంది. కారవాన్ కారు కన్నా వెడల్పు గనుక అద్దాలకు ఇరుప్రక్కలా అదనపు అద్దాలు కట్టాలి. కారు బరువులో 85 శాతానికి మించిన బరువు లాగవద్దని క్రొత్తవారికి చెబుతారు. పూర్వం 1997 తరువాత లైసెన్సు పొందిన వారు పెద్ద కారవాన్ లాగాలంటే వేరే పరీక్ష వ్రాయవలసి వచ్చేదట. 2021 డిసెంబరు నుండి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు లాగవచ్చునని చట్టం మార్చారు. చట్టం అనుమతించినంత మాత్రాన చేయి తిరగదని మా మేనల్లుడే ఒప్పుకున్నాడు. ఇల్లు కదలకముందు ఖాళీ మైదానంలో రెండు రోజులు అభ్యాసం చేశాడు.

మొదటి పాఠం రోడ్డెక్కిన గంటలోనే నేర్చుకున్నాము. మా శ్రీమతి పది కిలోల బియ్యం సంచి, పప్పులు, నూనె డబ్బా, కర్నూలు నుండి తెచ్చిన గోంగూర పచ్చడి జాడీ అన్నీ కారవాన్ వెనుక మూలనున్న అరలో సర్దింది. వంటగది అటే ఉన్నది గదా అని ఆమె ఆలోచన. ఇన్వర్నెస్‌కు పోయే పెద్ద రోడ్డు మీద పల్లం వచ్చేసరికి కారవాన్ తోక ఆడించసాగింది. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు, ఒక్కొక్క ఊపూ ముందరి దాని కన్నా పెద్దదై, కారును కూడా తనతో ఊపసాగింది. పిల్లలు కేకలు వేశారు. మేనల్లుడు బ్రేకు తొక్కలేదు, స్టీరింగు త్రిప్పలేదు. ఆక్సిలరేటరు మీద నుండి పాదం తీసి, స్టీరింగును కదలకుండా పట్టుకొని ఊరుకున్నాడు. వేగం తగ్గేకొద్దీ ఊపు దానంతట అదే సద్దుమణిగింది. తరువాత చెప్పాడు: బరువు వెనుక ఉంటే కారవాన్ పాములా మెలికలు తిరుగుతుంది. బరువైనవి ఇరుసు మీద, అడుగున ఉండాలి. కాడి మీద కూడా కొంత బరువు పడాలి. మొత్తం బరువులో ఐదు నుండి ఏడు శాతం దాకా అది ఉంటే మంచిదట. బియ్యం సంచి నడిమికి వచ్చింది. పచ్చడి జాడీ మా శ్రీమతి ఒడిలోకి వచ్చింది. అంతే, ఆ పైన కారవాన్ మళ్లీ తోక ఆడించలేదు.

కారవాన్ లాగే కారు సాధారణ రోడ్లపై గంటకు 50 మైళ్లు మించరాదు. అందువల్ల అందరూ మమ్మల్ని దాటిపోతూనే ఉన్నారు. సాయంత్రం క్యాంపు స్థలం చేరగానే కారవాన్ నాలుగు మూలలా కాళ్లు దింపి మట్టం చూచుకోవాలి. 40 లీటర్ల నీటి పీపాను కుళాయి దాకా దొర్లించుకొని పోయి నింపుకొని రావాలి. వాడిన నీరు వేరొక పీపాలో పడుతుంది. దానిని కూడా మోసుకొని పోయి, నిర్ణయించిన చోటే పారబోయాలి. మరుగుదొడ్డి పెట్టెకూ అదే పద్ధతి. వుజూకు ఎంత నీరు ఖర్చవుతున్నదో ఆ పీపా లెక్క చెప్పేది. ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసే పిల్లలు, పీపా మోసిన మరునాటి నుండి ఒక చెంబు నీటితో వుజూ ముగించసాగారు. ఆ విషయంలో మేము ఏ ఉపదేశమూ చేయనక్కరలేకపోయింది.

తూర్పు తీరం వెంట రెండు రోజులు సాగి, జాన్ ఓ గ్రోట్స్ చూచుకొని ఉత్తర తీరానికి తిరిగాము. ఇక్కడ రాత్రి అనేది పేరుకే. పదిన్నరకు సూర్యుడు అస్తమిస్తాడు. నాలుగు గంటల ప్రాంతంలో మళ్లీ ఉదయిస్తాడు. ఈ రెండింటి నడుమ ఉత్తర దిక్కున వెలుగు ఆరదు. ఇషా సమయానికి గుర్తయిన చీకటి రానే రాదు. మా పాఠ్యగ్రంథాలలో వోల్గా నదీ తీరానగల బుల్గార్ ప్రజల ప్రస్తావన ఉన్నది. ఎండకాలపు పొట్టి రాత్రులలో ఇషా సమయం ప్రవేశించని ఆ ఊరి వారిపై ఇషా విధి అవుతుందా, కాదా అని ధర్మశాస్త్రవేత్తలు చర్చించారు. సమయమే రానప్పుడు విధి లేదని కొందరు అన్నారు. ఇబ్నుల్ హుమామ్ వంటివారు విధి ఉన్నదని నిలబడ్డారు. మేము ఈ చర్చను ఎన్నో ఏళ్లుగా నోటితో బోధిస్తున్నాము. కంటితో చూచినది ఆ రాత్రే. గ్లాస్గో మసీదు వారి సమయ పట్టికను అనుసరించి నమాజు చేసుకున్నాము. మన ఇళ్లలో పడమటి గోడ అంటే ఖిబ్లా గోడ. అక్కడ ఖిబ్లా ఆగ్నేయాన ఉంటుంది. మా శ్రీమతి ప్రతి పూటా ఒకసారి పడమటికి తిరిగి, నాలుక కరుచుకొని, మళ్లీ ఆగ్నేయానికి తిరిగేది.

గాలి లేని సాయంకాలాలలో నుసుమంత పురుగులు గుంపులుగా వచ్చి కుట్టేవి. మిడ్జ్ అంటారు. ముఖానికి గుడ్డ కట్టుకొని వంట చేయవలసి వచ్చేది. గాలి వీచిందంటే పురుగులు మాయం, కారవాన్ మాత్రం ఊయల.

ఉత్తర తీరంలో బెట్టీహిల్ అనే చిన్న ఊరు ఉన్నది. పాత చర్చి భవనంలో అక్కడ ఒక ప్రదర్శనశాల నడుపుతున్నారు. స్ట్రాత్‌నేవర్ అనే లోయ కథ అందులో చెబుతారు. ఆ లోయలో గేలిక్ భాష మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా పశువులను మేపుకొంటూ, ఓట్లు, బార్లీ పండించుకొంటూ బ్రతికేవి. గొర్రెల పెంపకం వల్ల భూస్వాములకు ఆదాయం ఎక్కువ రాసాగింది. సదర్లాండ్ సంస్థానం వారు 1814లోనూ 1819లోనూ ఆ కుటుంబాలను వెళ్లగొట్టారు. తిరిగి రాకుండా ఇళ్ల దూలాలకు నిప్పు పెట్టించారు. సంస్థానపు అధికారి పాట్రిక్ సెల్లర్ మీద 1816లో విచారణ జరిగింది. అతడు నిర్దోషిగా విడుదలయ్యాడు. వెళ్లగొట్టబడిన వారిలో కొందరిని సముద్రపు ఒడ్డున రాతి నేలల్లో కూర్చోబెట్టారు. బెట్టీహిల్ అలా ఏర్పడిన ఊరే. సంస్థానపు రాణి ఎలిజబెత్ పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. ఎందరో ఓడలెక్కి కెనడాకు వెళ్లిపోయారు.

ప్రదర్శనశాల నుండి బయటికి వచ్చాక మాకు కొండలు వేరుగా కనబడ్డాయి. అంతకు ముందు రెండు రోజులుగా "ఎంత ప్రశాంతం, ఎంత ఏకాంతం, ఒక్క మనిషి లేడు" అని మురిసిపోతున్నాము. మనుషులు లేకపోవడం ప్రకృతి చేసిన పని కాదు. మనుషులను లేకుండా చేశారు. కొండవాలున రాళ్ల గుట్టలు అనుకున్నవి ఇళ్ల పునాదులు. మేనల్లుడి పెద్ద కొడుకు, పన్నెండేళ్ల వాడు, "అయితే ఇది ఖాళీ స్థలం కాదన్న మాట" అన్నాడు. అవును నాన్నా అన్నాము. ఆ మాట అని ఇరవై నాలుగు గంటలు గడవకముందే మేము ఏమి చేశామో ఇప్పుడు చెప్పాలి.

అక్కడి రోడ్లలో చాలా భాగం ఒంటి వరుస దారులు. ఒక్క బండికి సరిపోయే వెడల్పు మాత్రమే ఉంటుంది. ఎదురు వచ్చే బండి కోసం కొంత కొంత దూరాన రోడ్డును ఒక ప్రక్కకు పొట్టలా పెంచుతారు. అక్కడ తెల్లని పలక మీద 'పాసింగ్ ప్లేస్' అని వ్రాసి ఉంటుంది. దారి ఇచ్చే చోటు అని మనం అనుకోవచ్చు. ఆ చోటు మన ఎడమ ప్రక్కన ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడి ప్రక్కన ఉంటే దానికి ఎదురుగా మన దారి మీదనే ఆగి, ఎదుటి వారిని అందులోకి రానివ్వాలి. కొండ ఎక్కి వచ్చే వారికి వీలైనంత వరకు దిగే వారు దారి ఇవ్వాలి. వెనుక ఎవరైనా తొందరలో వస్తుంటే తప్పుకొని వారిని ముందుకు పోనివ్వాలి. ఎవరు దారి ఇచ్చినా ఎదుటివారు చేయి ఎత్తి కృతజ్ఞత చెబుతారు. మన నల్లమల ఘాటు రోడ్డు మీద మలుపు మలుపుకూ హారన్ మ్రోగించే అలవాటు గల మాకు, ఎనిమిది రోజులలో హారన్ విన్నది రెండు మూడు సార్లే అంటే నమ్మరు. ఆ చోట్లలో బండి నిలిపి ఉంచరాదు. ఇది అన్నింటికన్నా మొదటి నియమం. స్కాట్లాండులో 2003 నాటి చట్టం ప్రకారం కొండలలో, పొలిమేరలలో ఎవరైనా బాధ్యతతో నడిచి తిరగవచ్చు. ఆ హక్కు నడిచేవారికే గాని మోటారు బండ్లకు లేదు. ఈ తేడా తెలియక యాత్రికులు ఎక్కడ పడితే అక్కడ నిలపడం వల్ల అక్కడి ప్రజలు చాలా ఇబ్బంది పడుతున్నారు.

ఇదంతా మేనల్లుడు మాకు ముందే చెప్పాడు.

మరునాడు ఎరిబోల్ అనే సముద్రపు పాయ వెంట ప్రయాణిస్తున్నాము. లోతైన ఆ పాయలో 1945లో, యుద్ధం ముగిసినప్పుడు జర్మనీ జలాంతర్గాములు వచ్చి లొంగిపోయాయి. వంతెన లేదు. దారి ఒక ఒడ్డు వెంట లోపలి కొస దాకా పోయి, చుట్టు తిరిగి రెండవ ఒడ్డు వెంట మళ్లీ సముద్రం వైపు వస్తుంది. ఆ రోజు నీరు నీలంగా, అద్దంలా ఉన్నది. మధ్యాహ్నం రెండు దాటింది. ఎడమ ప్రక్కన ఒక దారి ఇచ్చే చోటు, దాని ప్రక్కనే మెత్తని గడ్డి కనబడ్డాయి. "ఇక్కడే జుహ్ర్ చేసుకుందాం, ఆపు బేటా" అన్నాము. "మామూ, కొంచెం ముందుకు పోతే బండ్లు నిలిపే చోటు వస్తుంది" అన్నాడు అతడు. "పది నిమిషాల పని. గంట నుండి ఒక్క బండి ఎదురుకాలేదు. ఎవరున్నారు ఇక్కడ?" అన్నాము. పెద్దవాళ్ల మాట గనుక ఆపాడు. కారు, కారవాన్ కలిసి పన్నెండు మీటర్ల దాకా ఉంటాయి. ఆ చోటు పూర్తిగా నిండిపోయింది. ఒక విషయం ఇక్కడ దాచకుండా చెప్పాలి. జూన్ మాసంలో అక్కడ జుహ్ర్ సమయం సాయంత్రం దాకా సాగుతుంది. మాకు ఏ తొందరా లేదు. చోటు అందంగా ఉన్నది, అంతే.

గడ్డి మీద చాపలు పరచుకొని నిలబడ్డాము. ప్రయాణీకుల నమాజు గనుక ఫర్జు రెండు రకాతులే. మొదటి రకాతులో ఉండగానే వెనుక ఒక బండి వచ్చి ఆగిన శబ్దం వినబడింది. తరువాత ఇంకొకటి. ముందు వైపు నుండి పెద్ద బండి బ్రేకు శబ్దం వచ్చింది. ఎవరూ హారన్ కొట్టలేదు. మా నమాజును చూచి గౌరవంతో ఆగారేమో అనే ఒక తలంపు మా మనస్సులో మెదిలింది. అది మాకు నచ్చింది కూడా. సలాం త్రిప్పి తల ఎత్తే సరికి అసలు సంగతి కనబడింది.

ముందు గొర్రెలతో నిండిన లారీ నిలబడి ఉన్నది. వెనుక ఒక చిన్న కారు, దాని వెనుక రెండు పెద్ద వ్యానులు. లారీ వెనుక మలుపు ఉన్నది గనుక అది వెనక్కి పోలేదు. చిన్న కారు వెనుక వ్యానులు ఉన్నవి గనుక అదీ వెనక్కి పోలేదు. తప్పుకోవలసిన ఒకే ఒక చోట మా ఇల్లు కూర్చుని ఉన్నది. లారీ ఎదురుగా ఉన్నది గనుక మేమూ ముందుకు కదలలేము. చివరకు వెనుకనున్న వ్యానులు ఒకటి తరువాత ఒకటి, ఆ సన్నని దారి మీద నూట ఏభై మీటర్ల దూరం వెనక్కి నడిచి, ముందటి చోటు చేరుకోవలసి వచ్చింది. అందులో ఒక వ్యాను నడిపే వృద్ధునికి రివర్స్ అలవాటు లేదు. మేనల్లుడు పరుగెత్తిపోయి చేయి చూపుతూ వెనక్కి నడిపించాడు. మేము చాప చేతిలో పట్టుకొని నిలబడ్డాము. అంతా ముగిసేసరికి మా నమాజు సమయం కాక మరో ఇరవై నిమిషాలు గడిచాయి.

చిన్న కారులోని స్త్రీ దిగి మా వద్దకు వచ్చింది. నీలిరంగు నర్సు దుస్తులలో ఉన్నది. కోపం లేదు, నవ్వు కూడా లేదు. ఆమె మాటలను మేనల్లుడు మాకు చెప్పాడు: "మీరు ప్రార్థనలో ఉన్నారని హారన్ కొట్టలేదు. కాని ఈ చోటు ఆగడానికి కాదు, దారి ఇవ్వడానికి. ఆ ఒడ్డున ఒక పెద్దాయన నా సూది మందు కోసం కాచుకొని ఉంటాడు." అంతే అని కారెక్కి వెళ్లిపోయింది. పోతూ పోతూ అలవాటు చొప్పున చేయి ఎత్తింది. ఆ పెద్దాయనకు మందు వేళకు అందిందో లేదో మాకు ఈ రోజు వరకు తెలియదు.

"నేను డాక్టరును మామూ. ఆ మాట నాకు ఇంకా గట్టిగా తగిలింది" అన్నాడు మేనల్లుడు. తప్పు అతనిది కాదు, మాది. 'నూరుల్ ఈజాహ్' అనే గ్రంథాన్ని మేము ఇరవై ఐదు సంవత్సరాలుగా చిన్న తరగతులకు బోధిస్తున్నాము. నమాజు చేయుటకు అయిష్టమైన చోట్ల జాబితాలో 'దారి' కూడా ఉన్నదని ప్రతి సంవత్సరం చెబుతాము. కారణం కూడా చెబుతాము: దారి బాటసారుల హక్కు, నమాజు పేరిట కూడా దానిని ఆక్రమించరాదు. పరీక్షలో ఆ ప్రశ్న ఇస్తాము, మార్కులు వేస్తాము. దారికి దాని హక్కు ఇవ్వమని దైవప్రవక్త (స) సహచరులకు ఉపదేశించారు. చూపులు వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాంకు బదులు చెప్పడం, మంచిని ప్రోత్సహించి చెడును వారించడం ఆ హక్కులో భాగమని వివరించారు. దారిలో నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని కూడా మనకు తెలుసు. ముల్లును తీసివేయమన్న ధర్మాన్ని బోధించే మేము, పన్నెండు మీటర్ల ముల్లును తెచ్చి దారిలో పెట్టాము. మేము గడ్డి మీద నిలబడ్డాము గదా, రోడ్డు మీద కాదు గదా అని ఆ రాత్రి మనస్సు ఒక వాదన తెచ్చింది. చాప గడ్డి మీద ఉన్నది, నిజమే. ఆ చాప కోసం దారిని మూసివేసినది మా బండి.

ఆ రోజు నుండి మా ప్రయాణం తీరు మారింది. నమాజు కోసం అసలైన బండ్ల నిలుపు చోట్లను ఉదయమే మ్యాపులో గుర్తుపెట్టుకున్నాము. వెనుక ఒక్క బండి కనబడినా తప్పుకొని పోనిచ్చాము. అద్దంలో వెనుక చూడడం మా పనిగా పెట్టుకున్నాము. "వెనుక తెల్ల కారు, దారి ఇవ్వు" అని చెప్పడం, వారు దాటిపోతూ చేయి ఎత్తితే బదులుగా చేయి ఎత్తడం. సలాంకు బదులు చెప్పినంత తృప్తి కలిగేది.

పడమటి తీరంలో కైల్‌స్కూ వంతెన దాటాము. 1984లో వంపు తిరిగిన ఆ కాంక్రీటు వంతెన వచ్చే వరకు అక్కడ పడవే గతి. ఆ తరువాత డ్రమ్‌బెగ్ వైపు తీరం వెంట ఇంకా అందమైన దారి ఒకటి చీలుతుంది. నిటారు ఎత్తులు, మలుపులు గనుక కారవాన్‌లకు తగదని బోర్డు ఉన్నది. మేము పెద్ద రోడ్డునే పట్టుకొన్నాము. అల్లపూల్ రేవు చేరాము. 1788లో చేపల వేట కోసం పథకం ప్రకారం కట్టిన ఊరు అది. అక్కడి నుండి లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవేకు ఓడ పోతుంది. ఒకప్పుడు ఆదివారం ఆటస్థలాలు కూడా మూసి ఉంచిన నిష్ఠగల క్రైస్తవుల ఊరని దానికి పేరు. అక్కడ 2018లో రంజాన్‌కు ముందు తొలి మసీదు తెరిచారు. ఓడ పోతుంటే ఒడ్డున నిలబడి చూచాము.

చివరి పరీక్ష కిషోర్న్ పాయ కొసన ఎదురయింది. అక్కడి నుండి ఆపిల్‌క్రాస్‌కు బెయలాఖ్ నా బా అనే కనుమ దారి ఎక్కుతుంది. గేలిక్‌లో పశువుల కనుమ అని అర్థం. సముద్ర మట్టం నుండి 626 మీటర్ల ఎత్తుకు పోతుంది. ఐదడుగులకు ఒక అడుగు ఎత్తు, వెంట్రుక పిన్నులా మడిచిన మలుపులు. మొదటి మైలు తరువాత నేర్చుకొనే వారికి, చాలా పెద్ద బండ్లకు, కారవాన్‌లకు ఈ దారి మంచిది కాదని పెద్ద బోర్డు చెబుతున్నది. మేనల్లుడు దానిని రెండు సార్లు చదివాడు. చేయి బాగా తిరిగింది గనుక ఆశ పుట్టింది. "మంచిది కాదు అన్నారు గాని, నిషేధం అనలేదు గదా మామూ" అన్నాడు. నాలుగు రోజుల క్రితమైతే మేమే ఆ మాట అని ఉండేవాళ్లము. "నిషేధం కానిదంతా చేయదగినది కాదు బేటా. హరాం కానిది మక్రూహ్ కావచ్చు. మలుపులో మనం ఇరుక్కుంటే ఆగిపోయేది మనం ఒక్కరమే కాదు" అన్నాము. కారవాన్‌ను లోక్‌కారన్ దగ్గర క్యాంపు స్థలంలో దింపి, మరునాడు కారు ఒక్కదానితో కనుమ ఎక్కాము.

పైన గాలి తోసివేస్తున్నది. క్రింద సముద్రం మధ్య రాసే అనే పొడుగాటి ద్వీపం కనబడింది. ఆ ద్వీపం ఉత్తర కొసన ఆర్నిష్ అనే పల్లెకు రోడ్డు లేదు. వేయమని ఎన్నిసార్లు అడిగినా అధికారులు వేయలేదు. కాలమ్ మక్లౌడ్ అనే రైతు గడ్డపార, పార, తోపుడు బండి పట్టుకొని, 1964 నుండి సుమారు పది సంవత్సరాలు ఒక్కడే శ్రమించి పౌనే రెండు మైళ్ల దారి వేశాడు. అతని దారి పూర్తయ్యేసరికి ఆ పల్లెలో అతడూ అతని భార్యా తప్ప దాదాపు ఎవరూ మిగలలేదు. 1982లో గాని అధికారులు దానిమీద తారు వేయలేదు. 1988లో అతడు మరణించాడు. ఇప్పుడు ఆ దారి అతని పేరుతోనే పిలవబడుతున్నది. ఒక మనిషి పది ఏళ్లు దారి వేశాడు. మేము ఒక అరగంట దారి మూశాము. మేనల్లుడి కొడుకు ఆ ద్వీపం వైపు చాలా సేపు చూచి, "ఆయన ఎవరి కోసం వేశాడు, అందరూ వెళ్లిపోయారు గదా?" అని అడిగాడు. వచ్చేవారి కోసం అన్నాము.

ఇల్లు చేరి నెలలు గడిచాయి. మొన్న తరగతిలో మళ్లీ ఆ పాఠం వచ్చింది. ఒక విద్యార్థి యథాప్రకారం గడగడా చదివి, దారి అనే మాట దగ్గర ఆగకుండా ముందుకు పోయాడు. ఆగమన్నాము. జుమా నాడు మన మసీదు ముందు స్కూటర్లు, ఆటోలు ఎక్కడ నిలుపుతున్నారో చూచి రమ్మన్నాము. వాడు వెళ్లి వచ్చి, "గేటుకు అడ్డంగా, వీధి సగం దాకా ఉంటాయి హజ్రత్. ఆ వీధి చివర ఆసుపత్రి ఉన్నది" అన్నాడు.

వచ్చే జుమాకు పెద్ద విద్యార్థులు నలుగురిని వీధి మొగలో నిలబెట్టాము. బండ్లన్నీ ఎదుటి ఖాళీ మైదానంలో నిలుపుతున్నారు. ఒకరిద్దరు పెద్దలు, రెండడుగులు ఎక్కువ నడవాలి గదా అని విసుక్కున్నారు. వారికి మా శ్రీమతి పచ్చడి జాడీ కథతో మొదలుపెట్టి, ఎరిబోల్ కథ అంతా చెప్పాము.